ఊపిరాడని ఆరో వాక్యం

పది వాక్యాలు. ఒక్కో వాక్యం కింద నాలుగు జవాబులు. ఈ ఒక్క రోజు సంగతి కాదు, గడిచిన ఏడు రోజుల్లో మీకెలా ఉందో దానికి దగ్గరగా ఉన్న జవాబును గుర్తించమంటుంది. జవాబుకి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. అన్నీ కలిపితే 30. ఎడిన్‌బరో ప్రసవానంతర కుంగుబాటు ప్రశ్నావళి అనే ఈ ఒంటి పేజీ కాగితాన్ని కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు స్కాట్లండ్‌లో తయారుచేసి 1987లో ప్రచురించారు. ఆ తర్వాత అది ఎన్నో భాషల్లోకి వెళ్ళింది.

బాలింత గురించి రాసిన ఏ కథకన్నా, ఏ కవితకన్నా ఈ పది వాక్యాలనే ఎక్కువమంది బాలింతలు చదివి ఉంటారనుకుంటాను. అయినా దీన్ని ఒక రచనగా మనమెవరం పట్టించుకోలేదు. ఇందులో మాట్లాడుతున్నదెవరు, వింటున్నదెవరు, ఎక్కడెక్కడ మౌనాలున్నాయి అని అడగలేదు. అంకెలవాళ్ళ సొత్తని వదిలేశాం. నేను అనువాదం బోధిస్తాను. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని భాష చూసిపెట్టమని ఇచ్చిన వ్యాసాల కట్టలో ఈ ప్రశ్నావళి చైనీస్ అనువాదాల చర్చ కనబడింది. నాకు చైనీస్ రాదు. ఆ భాష బోధించే స్నేహితురాలు పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరం విప్పి చెప్పింది. కనుక ఇది ఇద్దరం కలిసి చదివిన చదువు.

ఆరో వాక్యం దగ్గర మేమిద్దరం ఆగిపోయాం. ఇంగ్లీషు మూలంలో అది ఒక నుడికారం. చుట్టూ ఉన్న సంగతులన్నీ నా పైకెక్కి కూర్చుంటున్నాయి అన్నంత అర్థం. తట్టుకోలేకపోతున్నాను అని సారాంశం. దీన్ని తెలుగులో ఏమంటాం అని ముందు నాకు నేనే ప్రయత్నించి చూసుకున్నాను. ‘అన్నీ నా మీదే పడుతున్నాయి’ అనగానే అర్థం మారిపోయింది. ఇంగ్లీషు వాక్యం ఒక మానసిక స్థితిని చెబుతోంది. తెలుగు వాక్యం ఇంట్లో పని పంపకాన్ని చెబుతోంది. మన ఆడవాళ్ళు ఆ వాక్యం చూస్తే ‘నా మీద కాక ఇంకెవరి మీద పడతాయి?’ అంటారు. అది రోగలక్షణం కాదు, ఫిర్యాదు. పోనీ ‘ఊపిరి సలపడం లేదు’ అందామా అంటే, అది తీరిక లేకపోవడం. కొన్నిసార్లు గొప్ప చెప్పుకోవడం కూడా.

చైనీస్ అనువాదకులు కూడా ఊపిరి దగ్గరికే వెళ్ళారు. వాడుకలో ఉన్న ఒక పాఠంలో ఎన్నో సంగతులు నా మీదికి దూసుకొచ్చి ఊపిరాడనివ్వడం లేదని ఉంది. మరో పాఠంలో సంగతులు నన్ను అదిమేసి ఊపిరి తీసుకోనివ్వడం లేదని ఉంది. ఇంగ్లీషులో ఊపిరి అన్న మాటే లేదు. చైనీస్‌లో అది లేకుండా వాక్యం నిలబడలేదు. ఇది అనువాదకుల చేతకానితనం కాదు. ఆ భాషలో బరువు మనసు మీద పడితే తెలిసేది గుండెలోనూ ఊపిరిలోనూ.

ఇందులో ఒక తమాషా ఉంది. ఎడిన్‌బరో ప్రశ్నావళిని తయారుచేసినవాళ్ళు శరీరాన్ని కావాలనే బయట పెట్టారు. కుంగుబాటును కొలిచే మామూలు ప్రశ్నావళులు అలసట, ఆకలి, బరువు, నిద్ర గురించి అడుగుతాయి. ఆరు వారాల పసిబిడ్డ ఉన్న తల్లికి అలసట ఉండదా, నిద్ర చెడదా? అవన్నీ లెక్కవేస్తే ప్రతి బాలింతా రోగిలాగే కనబడుతుంది. కాబట్టి శరీర బాధల్ని పక్కన పెట్టి మనసునే అడుగుదాం అనుకున్నారు. నిద్ర గురించిన ఒకే ఒక్క వాక్యం కూడా దుఃఖం వల్ల నిద్ర పట్టకపోవడం గురించే. ఆలోచన సబబైనదే, ఆడవాళ్ళ పక్షాన చేసిందే. అయితే మనసునూ శరీరాన్నీ అలా రెండు గదుల్లో కూర్చోబెట్టడం అన్ని భాషల్లోనూ కుదరదు. ముందు గుమ్మంలోంచి పంపించేసిన శరీరం నుడికారం అనే దొడ్డిదారిన తిరిగి లోపలికి వచ్చింది.

ఇది జరిగినట్టు పరిశోధనా వ్యాసాలు చదివితే తెలియదు. ప్రశ్నావళుల అనువాదానికి ఒక పద్ధతి ఉంది. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ దాన్ని పరీక్షించి స్థిరపరిచాడు. ఒకరు మూలం నుంచి అనువదిస్తారు. మూలాన్ని చూడని మరొకరు దాన్ని తిరిగి మూలభాషలోకి తెస్తారు. రెండు ఇంగ్లీషు పాఠాల్ని పక్కపక్కన పెట్టి తేడాలు సరిచేస్తారు. చదువుకున్న ద్విభాషి ఎవరైనా ‘ఊపిరాడనివ్వడం లేదు’ అన్న మాటను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు దాని సహజమైన ఇంగ్లీషునే రాస్తారు. ఊపిరి మాయమవుతుంది, రెండు ఇంగ్లీషులూ కలుస్తాయి, అనువాదం నెగ్గుతుంది. ఈ పద్ధతిలో తీర్పరి ఎప్పుడూ మూలభాషే. చైనీస్ వాక్యం చైనీస్ ఆడమనిషి చెవికి ఎలా వినబడుతోందన్న ప్రశ్నకు ఇందులో చోటు లేదు. ఆ లోటు తెలిసే, తర్వాతి కాలంలో కొందరు స్త్రీలను కూర్చోబెట్టి ‘ఈ వాక్యం చదివితే మీకేం అర్థమైంది?’ అని అడగడం కూడా పద్ధతిలో చేర్చారు. మంచిదే. కానీ ఆ సంభాషణంతా వ్యాసంలో ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది, కొన్ని పదాలను సవరించాం అని. ఏ పదాలు, ఎందుకు, ఎవరు ఒప్పుకోలేదు? మనలాంటివాళ్ళకు కావలసిన సాహిత్యమంతా ఆ ఒక్క వాక్యం కింద పూడ్చిపెట్టి ఉంది.

మాటలు కుదిరాక అంకెల దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. స్కాట్లండ్‌లో 12 దాటి 13కి వస్తే కుంగుబాటు ఉండే అవకాశముంది, వైద్యులు చూడాలి అన్నారు. హాంకాంగ్‌లో డామినిక్ లీ, ఆయన సహచరులు ప్రసవమైన ఆరు వారాలకు స్త్రీలను పరీక్షించి 1998లో ప్రచురించిన అధ్యయనంలో ఆ గీత 9కి, 10కి మధ్య పడింది. అంటే 11 మార్కులు వచ్చిన తల్లి ఎడిన్‌బరోలో గీతకు ఇవతల, హాంకాంగ్‌లో అవతల. ఇది రోగనిర్ధారణ కాదు, వడపోత మాత్రమేనని వాళ్ళూ చెబుతారు. అయినా మాటల్లో పూర్తికాని అనువాదం అంకెలో పూర్తయిందని నాకనిపించింది. ఈ స్త్రీలు తక్కువ చెబుతారు కాబట్టి తక్కువ దగ్గరే వినండి అని ఆ 10 చెబుతోంది. నేను చదివిన అనువాదాలన్నిటిలోకీ నిజాయితీ గల అనువాదం అదేనేమో.

అయితే చైనీయులు తక్కువ చెబుతారా? దీని చుట్టూ పెద్ద సాహిత్యమే ఉంది. చైనావాళ్ళు దుఃఖాన్ని దుఃఖమని చెప్పరు, తలనొప్పి అనో నీరసమనో చెబుతారన్నది దాని సారం. తరచుగా ఉదహరించేది ఆర్థర్ క్లీన్‌మన్ పని. ఆయన 1980లో హునాన్ రాష్ట్రంలోని చాంగ్‌షాలో, వైద్య కళాశాల ఆసుపత్రిలో ‘షెన్‌జింగ్ ష్వాయిరువో’ అనే రోగంతో వచ్చిన 100 మందిని పరీక్షించాడు. మాటకు మాట పెడితే నరాల బలహీనత. అమెరికన్ కొలమానాల ప్రకారం వాళ్ళలో 87 మందికి తీవ్రమైన కుంగుబాటు ఉందని తేల్చాడు.

నరాల బలహీనత అనగానే మనకు బస్‌స్టాండు గోడల మీది ప్రకటనలు గుర్తుకొస్తాయి. మన గోడల మీద అది ఎక్కువగా మగవాళ్ళ రహస్యం. ఆడవాళ్ళది నీరసం, కళ్ళు తిరగడం, గుండెదడ. ఇక ఆ చైనీస్ మాట పుట్టుక చూడండి. 1869లో జార్జ్ బియర్డ్ అనే అమెరికన్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన న్యూరస్థీనియా అన్న మాటను జపాన్‌వాళ్ళు చిత్రాక్షరాల్లోకి అనువదించుకున్నారు. అక్కడి నుంచి అది చైనాకు వచ్చి స్థిరపడింది. అమెరికా మానసిక వైద్యులు మాత్రం 1980లో, సరిగ్గా క్లీన్‌మన్ చాంగ్‌షాలో ఉన్న ఏడాదే, తమ రోగాల జాబితాలోంచి ఆ పేరు తీసేశారు. తాము పంపించిన మాటే అనువాదమై ఎదురొస్తే దాన్ని తూర్పు దేశాల వింత లక్షణంగా చదివే పరిస్థితి వచ్చింది. క్లీన్‌మన్‌ను ఇందుకు నిందించను. ఆయన ఆ మాట చరిత్రనూ రాశాడు, రాజకీయాన్నీ రాశాడు. సాంస్కృతిక విప్లవం అప్పుడే ముగిసిన రోజులవి. మనసు బాగోలేదంటే ఆలోచన సరిగా లేదని అర్థం తీసే కాలం దాటి వచ్చిన మనుషులు వాళ్ళు. నరాలు బలహీనంగా ఉన్నాయంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆయన తర్వాత ఆయన్ని ఉదహరించినవాళ్ళు ఈ చరిత్రనంతా వదిలేసి ‘చైనీయులు శరీరంతో మాట్లాడతారు’ అన్న సూత్రాన్ని మాత్రం ఉంచుకున్నారు.

ఆ సూత్రం నిలవదనడానికి హునాన్ దాటి వెళ్ళక్కర్లేదు. అదే రాష్ట్రానికి దక్షిణాన జియాంగ్‌యోంగ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి స్త్రీలు తమలో తాము రాసుకోవడానికి న్యూషూ అనే ప్రత్యేక లిపిని వాడుకున్నారు. క్లీన్‌మన్ అధ్యయనం జరిగిన రెండు మూడేళ్ళలోనే బయటి పండితులకు ఆ లిపి గురించి తెలిసింది. పెళ్ళై వెళ్ళిపోయిన స్నేహితురాలికి మూడో రోజున పంపే పుస్తకాలు, ప్రమాణం చేసుకున్న అక్కచెల్లెళ్ళ ఉత్తరాలు, ముసలితనంలో చెప్పుకున్న ఆత్మకథలు ఉన్నాయి అందులో. తమ దైన్యం చెప్పుకోవడం వాటి ముఖ్యమైన పని. మగవాళ్ళ లిపి చదవడం రాని ఆడవాళ్ళు దుఃఖానికి ఛందస్సు కట్టుకుని, బట్ట మీద, విసనకర్ర మీద రాసుకున్నారు. ఆ సంప్రదాయంలో సహజంగా నేర్చుకున్న చివరి మనిషిగా చెప్పే యాంగ్ హువాన్‌యీ 2004లో మరణించింది. ఇంకోవైపు 1940లు, 50లలో భూసంస్కరణల కాలంలో కమ్యూనిస్టు పార్టీ ‘సుకు’ అనే సభలు పెట్టించింది. చేదును చెప్పడం అని దాని అర్థం. ఊరి ముందు నిలబడి భూస్వామి చేసిన అన్యాయాన్ని చెప్పాలి. ఆడవాళ్ళూ చెప్పారు. ఆ సభ అడిగిన దుఃఖానికి గొంతు వచ్చింది. అడగని దుఃఖం ఇంటికి తిరిగి వెళ్ళిపోయింది.

కాబట్టి దుఃఖం చెప్పడం రాని జాతి లేదు. ఎవరికి, ఏ రూపంలో చెప్పాలన్నదే తేడా. స్నేహితురాలికైతే పాట, సభకైతే చేదు, డాక్టరుకైతే నరాలు. మరి తెల్లకోటు వేసుకున్న అపరిచితురాలు ఇచ్చిన కాగితానికి?

స్నేహితురాలు నాకొక అక్షరం గీసి చూపించింది. ఉక్కగా, ఉక్కిరిబిక్కిరిగా, దిగులుగా ఉండటాన్ని చెప్పే ‘మెన్’ అన్న మాట. రెండు తలుపుల బొమ్మ మధ్యన హృదయం బొమ్మ. తలుపు బొమ్మ అక్కడున్నది ఉచ్చారణ సూచించడానికే, దానికి అర్థం అంటగట్టకూడదని తనే హెచ్చరించింది కూడా. సరే, అంటగట్టను. కానీ ఆ అక్షరాన్ని ఇంకోలా చూడటం నా వల్ల కాలేదు.

ఇంతవరకూ నేను సంస్కృతి పక్షాన మాట్లాడాను. ఇప్పుడు రెండో వైపు చెప్పాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడుందనుకుంటాను. 1977లో లెనోర్ రాడ్లాఫ్ ప్రచురించిన 20 ప్రశ్నల కుంగుబాటు కొలమానం ఒకటుంది. అందులో నాలుగు వాక్యాలు సానుకూలంగా ఉంటాయి. వాటిలో ఒకటి, నేనూ నలుగురితో సమానమేనని అనిపించింది అన్న అర్థం ఇచ్చేది. తూర్పు ఆసియాలో ఇలాంటి వాక్యాలకు ‘అవును’ అనేవాళ్ళు తక్కువ. జపాన్ పరిశోధకులు దీనికి చెప్పిన కారణం వినయం. తనను తాను పొగుడుకోవడం అక్కడ మర్యాద కాదు కనుక ఆ జవాబును కుంగుబాటుగా లెక్కించకూడదన్నారు. బాగుంది. కానీ నేను నలుగురితో సమానమని చెప్పడానికి ఒక స్త్రీకి నోరు రాకపోతే అది వినయమా, లేక చిన్నప్పటి నుంచి ఆమెకు చెబుతూ వచ్చిన అబద్ధమా? అది మా సంస్కృతిలో మామూలే అనే మాట మనం ఎక్కడెక్కడ వినలేదు! సంస్కృతికి తగినట్టు ప్రశ్నావళిని సవరించడం అంటే, ఆ సంస్కృతిలో స్త్రీకి మామూలైపోయిన బాధను సున్నాగా లెక్కవేయడం కూడా కావచ్చు. దీనికి అంకెల సాయం కూడా దొరుకుతుంది. మిగతా ప్రశ్నలతో కలిసి నడవని ప్రశ్నను గణాంకాలు పట్టిస్తాయి, పట్టించాక తీసేయమంటాయి. ఉమ్మడి కుటుంబం సజావుగా సాగాలంటే సర్దుకుపోని కోడలు వెళ్ళిపోవాలన్నట్టే ఉంటుంది. పొసగని ఆ ప్రశ్నే నిజం చెబుతోందేమో అని అడిగేవాళ్ళు తక్కువ.

ఎడిన్‌బరో కాగితంలోనే మూడో వాక్యం చూడండి. ఏదైనా తప్పు జరిగితే నన్ను నేను అనవసరంగా నిందించుకున్నాను అని దాని భావం. చైనీస్ పాఠంలోనూ ఆ ‘అనవసరంగా’ ఉంది. నిజంగా కుంగిపోయిన మనిషికి తన నింద అవసరమైనదిగానే కనిపిస్తుంది. బిడ్డకు పాలు చాలకపోతే తల్లినే అనే ఇంట్లో ‘అనవసరం’ అని ఎవరు నిర్ణయిస్తారు? ఇది చైనీస్ సమస్య కాదు, మూలంలోనే ఉన్న సమస్య. అనువాదం దాన్ని బయటపెట్టింది, అంతే.

సవరించడంలో మంచి కూడా జరిగిందని చెప్పకపోతే అన్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నాణ్యత ప్రశ్నావళి పొట్టి రూపంలో 26 ప్రశ్నలుంటే, తైవాన్ బృందం తమ తరఫున మరో రెండు కలిపింది. నలుగురిలో మీకు గౌరవం దక్కుతోందా అన్నది ఒకటి, మీకు ఇష్టమైనది తినగలుగుతున్నారా అన్నది రెండోది. ఈ రెండో ప్రశ్న చదివి నేను చాలాసేపు ముందుకు కదల్లేదు. అందరికీ వడ్డించి చివర్న గిన్నె అడుగున మిగిలింది తినే ఏ ఆడమనిషినీ ఆరోగ్యం పేరుతో ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. తిండిని ప్రాణంగా చూసే సంస్కృతి అడిగిన ప్రశ్న ఇది. దాన్ని ఆడవాళ్ళ జవాబుల్లో విడిగా చదవగలిగితే అది స్త్రీవాద ప్రశ్న కూడా అవుతుంది.

ప్రసవం తర్వాత చైనా ఇళ్ళలో ‘జువో యుయెజి’ పాటిస్తారు. నెల కూర్చోవడం అనుకోవచ్చు. ముప్ఫై రోజులు బయటికి వెళ్ళకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు, గాలి తగలకూడదు, వేడిచేసే పథ్యం తినాలి. చెవుల్లో దూది, తలకు గుడ్డ కట్టుకున్న మన బాలింతకు వివరించి చెప్పక్కర్లేదు. దీని గురించి రెండు రకాల రాతలున్నాయి. తల్లికి విశ్రాంతినీ ఆదరణనూ ఇచ్చే ఏర్పాటు అని మెచ్చుకునేవి కొన్ని, కట్టడి అని తిట్టేవి కొన్ని. ఇక్కడ డామినిక్ లీ బృందమే 2004లో ప్రచురించిన పరిశోధన మేలైన మాట చెప్పింది. ఆ నెలలో తోడుండే మనిషి ఉన్న తల్లులకు ఆసరా ఎక్కువ, కుంగుబాటు ముప్పు కొంచెం తక్కువ. అత్తగారితో ఘర్షణ ఉన్నవాళ్ళకు, భర్తతో సంతృప్తి లేనివాళ్ళకు ముప్పు ఎక్కువ. ఆచారం మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఆ గదిలో పక్కన ఉన్నది ఎవరన్నది. ఆ ఘర్షణ సంగతి తెలిసింది విడిగా అడగబట్టే. ఎడిన్‌బరో పది వాక్యాల్లో అత్తగారు లేదు, భర్త లేడు, చివరికి బిడ్డ కూడా లేదు. అన్నీ ‘నేను’తో నడిచే వాక్యాలే. ఆ కాగితం నింపేటప్పుడు పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంటే జవాబులు ఎలా మారతాయో మనకు ఊహించడం కష్టం కాదు.

ఇంకొక్క సంగతి. చైనీస్ మాట్లాడేవాళ్ళ కోసం అనేస్తాం గానీ, ఏ చైనీస్? రాసేది ఒకటి, హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్ వేరు. ప్రధాన భూభాగంలో సరళం చేసిన లిపి, తైవాన్, హాంకాంగ్‌లలో పాత లిపి. చదవలేని ముసలామెకు నర్సు చదివి వినిపించాలంటే కాగితం మీది మాటను అప్పటికప్పుడు నోటి మాటలోకి మార్చాలి. అంటే ప్రతి నర్సూ ఒక అనువాదకురాలే, ఆమె అనువాదాన్ని ఎవరూ పరీక్షించరు. ఆసుపత్రి కాగితాల తెలుగుకీ తెలంగాణ పల్లెలో ఆమె నోటి తెలుగుకీ ఉన్న దూరం తెలిసిన మనకు ఇది కొత్త కాదు.

పదో వాక్యం తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మొత్తం మార్కులు ఎన్నయినా, ఈ ఒక్కదానికి సున్నా కాని జవాబు వస్తే ఆగి చూడాలి. 1995 నుంచి 1999 వరకు చైనా లెక్కలను విశ్లేషించి మైకేల్ ఫిలిప్స్ బృందం 2002లో ప్రచురించిన వ్యాసం ప్రకారం అక్కడ పల్లెల్లో ఆత్మహత్యల రేటు పట్టణాలకు మూడింతలు, స్త్రీల రేటు పురుషులకన్నా 25 శాతం ఎక్కువ. ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా పురుషుల రేటే ఎక్కువ. పల్లెల్లో యువతులు, చేతికందే దూరంలో పురుగుమందు. చనిపోయినవాళ్ళలో ఎంతోమందికి ఏ మానసిక వ్యాధీ ఉన్నట్టు తేలలేదు. కుంగుబాటును మాత్రమే వెతికే కాగితానికి వాళ్ళు కనబడరు. ఆ తర్వాతి ఏళ్ళలో ఆ సంఖ్యలు బాగా తగ్గాయి. పల్లె ఆడపిల్లలు ఫ్యాక్టరీ పనులకు పట్నాలకు వెళ్ళిపోవడం, అలా ఆ ఇంటికీ ఆ మందు సీసాకీ దూరం కావడం ముఖ్య కారణాలుగా చెబుతారు.

ఇదంతా చదివాక ఆ విద్యార్థినికి వ్యాసాల కట్ట తిరిగి ఇస్తూ నేను చెప్పింది ఒక్కటే. తను ఏ ప్రశ్నావళిని తెలుగు చేసినా, నెగ్గిన వాక్యంతోపాటు ఓడిన వాక్యాల్ని కూడా ప్రచురించమన్నాను. ఆరో వాక్యానికి ఎన్ని రూపాలు రాశారు, ఏ ఊరి ఆడవాళ్ళు ఏది చదివి నవ్వారు, ఏది చదివి కాగితం పక్కన పెట్టేశారు, ‘నా మీద కాక ఇంకెవరి మీద పడతాయి’ అని ఎవరైనా అన్నారా. పత్రికలు అందుకు చోటివ్వవని తనంది. నిజమే, ఆ పత్రికలు ఇవ్వవు. ఈ పత్రిక ఇస్తుందనుకుంటాను.